షుగరు, బీపీ ఉన్న ఇంట్లో ఏది మేలు: సంగటా, జొన్న రొట్టెనా, కొర్రన్నమా? ఇన్సులిన్ సీసానా, పెన్నా?

అనంతపురం వైపు ఎవరికైనా షుగరు బయటపడితే మొదటి వారంలోనే పదిమంది చెప్పే మాట ఒకటే: "అన్నం మానెయ్, సంగటి తిను." మంచి మనసుతో చెప్పే మాటే, కానీ సగమే నిజం. రాగుల్లో షుగరు ఉండదనుకొని పూటకు అరకిలో ముద్ద లాగించి, మూడు నెలల తర్వాత రిపోర్టు చూసి దిగులుపడేవాళ్లు మన జిల్లాల్లో ఎక్కువ. తిండి గానీ, మిషన్ గానీ, మందు గానీ ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని మా ఇంట్లో కొలవగలమా? మన ఎండలకు, మన కరెంటుకు ఇది నిలుస్తుందా? ఈ రెండింటికీ నిలబడేదే ఏళ్ల తరబడి సాగుతుంది. షుగరు, బీపీ ఏళ్ల తరబడి మోయాల్సినవే కదా.

ముద్ద, రొట్టె, అన్నం

ముందు లెక్క. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటుంది. రాగి పిండిలో, జొన్న పిండిలో 70కి అటూ ఇటూ. కొర్రల్లో ఇంకాస్త తక్కువ. తేడా ఉంది గానీ జనం అనుకునేంత లేదు. రాగుల అసలు బలం కాల్షియం. వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, బియ్యంలో అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పీచు కూడా బియ్యం కంటే చాలా ఎక్కువ. అయితే మెత్తగా మరపట్టిన పిండిని మెత్తగా ఉడికిస్తే అరుగుదల తేలికై షుగరు తొందరగా ఎక్కుతుంది. ముద్దను నమలకుండా మింగే అలవాటు దానికి తోడు.

ఇంకో సంగతి ఎవరూ లెక్కపెట్టరు. సంగటికి ముందు బియ్యమో నూకలో మెత్తగా ఉడకేసి, మీద పిండి కుప్పగా పోసి, మధ్యలో తెడ్డు కాడతో గుంత చేసి, మూతపెట్టి, ఉడికాక గెలుకుతాం. చాలా ఇళ్లలో బియ్యం, పిండి సరిసమానం. అంటే "అన్నం మానేశాను" అన్న మనిషి ముద్దలో సగం అన్నమే. షుగరు ఉన్నవాళ్లకు మేం చెప్పే కొలత ఇది: ఒక మనిషికి, ఒక పూటకు రాగి పిండి 60 గ్రాములు, కొర్ర నూక 20 గ్రాములు. కొర్ర నూక లేకపోతే బియ్యం నూక 20 గ్రాములే, అంతకు మించొద్దు. పిండిపదార్థం 55 గ్రాముల దగ్గర తేలుతుంది. చాలామంది పెద్దవాళ్లకు పూటకు 45 నుంచి 60 గ్రాముల మధ్య సరిపోతుంది. వండాక ఇది సుమారు పావుకిలో ముద్ద. ఒక్కసారి వంటింటి త్రాసు మీద తూచి, ఆ ముద్ద ఏ గిన్నెలో సరిగ్గా పడుతుందో గుర్తుపెట్టుకుంటే ఇక రోజూ తూచే పనిలేదు. అదే రాగిని అంబలిగానో మాల్టుగానో తాగితే ముద్ద కంటే తొందరగా ఎక్కుతుంది. అందులో బెల్లం పడితే చెప్పేదేముంది.

జొన్న రొట్టెకున్న పెద్ద సుగుణం, దాన్ని లెక్కపెట్టొచ్చు. ముద్ద ఎంత తిన్నామో కంటికి తెలీదు, రొట్టెలు రెండా మూడా అన్నది పిల్లోడు కూడా చెప్తాడు. 40 గ్రాముల పిండితో పల్చగా తట్టిన రొట్టెలో పిండిపదార్థం 28 గ్రాములు. రెండు రొట్టెలు తింటే పూట గడిచినట్టే. మామూలుగా ఇళ్లలో చేసే మందపాటి రొట్టెకు 60 గ్రాముల పిండి పడుతుంది, అలాంటివైతే ఒకటింపావు దగ్గర ఆగాలి. నమలాలి కాబట్టి నిదానంగా తింటాం, తొందరగా కడుపు నిండినట్టుంటుంది.

రొట్టె దగ్గర వచ్చే చిక్కు పిండిది. జొన్న పిండికి గోధుమ పిండికున్న సాగుడు గుణం లేదు. మసిలే నీళ్లు పోసి కలిపితేనే జిగురు వస్తుంది. పిండి పాతదైతే ఎంత మసిలిన నీళ్లు పోసినా అంచులు పగులుతాయి, నోటికి చేదు తగులుతుంది. అప్పుడు చాలామంది గుప్పెడు బియ్యప్పిండో గోధుమపిండో కలుపుతారు. రొట్టె బాగా వస్తుంది, లెక్క తప్పుతుంది. అందుకే జొన్నలు కొని ఉంచుకొని, పది రోజులకు సరిపడా మాత్రమే మర పట్టించుకోండి. హోటల్ రొట్టెలో ఏం కలిపారో మనకు తెలీదు కాబట్టి దాన్ని ఈ లెక్కలో వేసుకోవద్దు.

కొర్రలు మనకు కొత్త కావు. ఇప్పుడు పేరున్న సూర్యనంది రకం నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిందే. అన్నం రుచికి అలవాటుపడ్డ నోటికి దగ్గరగా ఉండేది కొర్రన్నమే. పప్పు, రసం, మజ్జిగ అన్నిట్లోకీ కలుస్తుంది. అరగంట పైన నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్లు పోస్తే పొడిపొడిగా ఉడుకుతుంది. కొనేటప్పుడు తళతళలాడే తెల్లటి కొర్రలు వద్దు, అవి పాలిష్ ఎక్కువ పట్టినవి, పీచంతా తవుడులో పోయింది. కాస్త మసక పసుపులో ఉన్నవి తీసుకోండి. ఇవి తొందరగా ముక్కిపోతాయి కాబట్టి నెలకు సరిపడా చాలు.

వరి అన్నం పూర్తిగా మానాలా? మానక్కర్లేదు, కానీ తెల్లగా పాలిష్ పట్టిన సన్నబియ్యం పళ్లెం నిండా పెట్టుకొని పక్కన రెండు చెంచాల కూర వేసుకునే పద్ధతి మారాలి. షుగరు లేని బియ్యం అని పేరుపెట్టి అమ్మేవాటిలోనూ పిండిపదార్థం దాదాపు అంతే. ఎక్కే వేగం కొంచెం తగ్గుతుందేమో గానీ రెండింతలు తినడానికి అది అనుమతి కాదు.

మా సలహా ఇది. రొట్టె తట్టే చెయ్యి ఇంట్లో ఉంటే రాత్రికి జొన్న రొట్టె, గోంగూర పప్పో వంకాయ కూరో పళ్లెంలో సగం. మధ్యాహ్నం కొలిచిన సంగటి గానీ కొర్రన్నం గానీ. పళ్లు లేని పెద్దవాళ్లకు రొట్టె బలవంతం చెయ్యొద్దు, చిన్న ముద్దే మేలు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే సంఖ్య) పెరిగి కిడ్నీ మందులు వాడేవాళ్లు మాత్రం రాగులు, చిరుధాన్యాల మీదికి పూర్తిగా మళ్లే ముందు డాక్టరును అడగాలి. వాటిలో పొటాషియం, భాస్వరం బియ్యంలో కంటే ఎక్కువ. షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు ఉన్నట్టుండి తిండి సగానికి తగ్గిస్తే షుగరు పడిపోతుంది. ముందు డాక్టరుకు చెప్పి డోసు సరిచేయించుకున్నాకే తిండి తగ్గించాలి.

మీ ఒంటికి ఏది పడుతుందో తేల్చుకునే దారి ఒకటుంది. నాలుగు రోజులు ఒకే కూర, ఒకే మందు, ఒకే సమయం. మొదటి రోజు 80 గ్రాముల బియ్యంతో అన్నం, తర్వాత అంతే ధాన్యంతో సంగటి, రొట్టె, కొర్రన్నం. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నుంచి రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటరుతో చూసి రాసుకోండి. తిన్న తర్వాతి సంఖ్య 180 లోపు ఉండాలి. ఏ తిండికి తేడా తక్కువ వచ్చిందో అదే మీ తిండి. పక్కింటివాళ్లకు పడింది మీకు పడాలని లేదు.

పొద్దున టిఫిన్ గురించి ఒక్క మాట. ఉగ్గాని తేలిగ్గా కనిపిస్తుంది గానీ బొరుగులు ఉబ్బిన బియ్యమే, చాలా తొందరగా ఎక్కుతాయి. దానికి బజ్జీ తోడైతే నూనె కూడా. వారానికోసారి తినాలనిపిస్తే బొరుగులు సగానికి తగ్గించి, ఉల్లిపాయ, టమాట, వేయించిన చెనక్కాయలు పెంచండి. చీనీ కాయ (బత్తాయి) ఒకటి ఒలుచుకొని తింటే పర్లేదు. చీనీ రసం గ్లాసుకు మూడు నాలుగు కాయలు పడతాయి, పీచు పిప్పిలో పోతుంది. రసాన్ని షుగరు పడిపోయినప్పటి కోసం ఉంచుకోండి.

గ్లూకోమీటరా, మూడు నెలల పరీక్షా

ఈ రెండూ ఒకదానికొకటి బదులు కావు. గ్లూకోమీటరు ఈ క్షణం చెప్తుంది, హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటు చెప్తుంది. చాలామందికి హెచ్‌బీఏ1సీ 7 లోపు లక్ష్యం. వయసు పైబడి వేరే జబ్బులున్నవాళ్లకు డాక్టరు 8 దాకా సడలించొచ్చు. మాత్రల మీద నిలకడగా ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి, మందు మారినప్పుడు మూడు నెలలకు ఈ పరీక్ష చాలు. ఇన్సులిన్ వాడేవాళ్లకు మాత్రం ఇంట్లో గ్లూకోమీటరు లేకపోతే కుదరదు. ఆడవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇనుము లోపంతో రక్తం తక్కువుంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్ కూడా చూపించుకొని, తక్కువైతే ఇంటి రీడింగుల పుస్తకం డాక్టరుకు చూపించండి.

మీటరు ధర చూసి కొనొద్దు, స్ట్రిప్పు ధర చూసి కొనండి. ఖర్చంతా అక్కడే. మీ ఊరి మెడికల్ షాపులో ఆ స్ట్రిప్పులు ఎప్పుడూ దొరుకుతాయా అని అడగండి. మంచి మీటరు కూడా ల్యాబు సంఖ్యకు నూటికి 15 అటూ ఇటూ చూపించొచ్చు. 160కి 175 వస్తే కంగారుపడక్కర్లేదు. తప్పు సంఖ్యలకు మూడు కారణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మామిడిపండు కోసిన చెయ్యి కడుక్కోకుండా పొడవడం, రక్తం రాలేదని వేలిని గట్టిగా పిండడం, స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచడం. మే నెలలో రేకుల ఇంటి అలమరలో, బైకు డిక్కీలో పెట్టిన స్ట్రిప్పులు పాడవుతాయి. డబ్బా మీద రాసిన వేడి హద్దు చూసి, ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూల వెతకండి.

బీపీ మిషన్: చేతి కండకా, మణికట్టుకా

చేతి కండకు కట్టేదే కొనండి. మణికట్టు మిషన్ చిన్నది, ముచ్చటగా ఉంటుంది, కానీ చెయ్యి గుండె ఎత్తులో లేకపోతే సంఖ్య మారిపోతుంది. చేతి కండకు పట్టీ పట్టనంత లావున్నవాళ్లకు తప్ప దాంతో పనిలేదు. షాపులో నడిచొచ్చి నిలబడి చూపించుకునే బీపీని నమ్మి మందు పెంచుకోవడం, తగ్గించుకోవడం అంతకంటే ప్రమాదం.

కొనేముందు టైలరు టేపుతో భుజానికీ మోచేతికీ మధ్యన చుట్టుకొలత తీయండి. మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి. బస్తాలు మోసి కండ తిరిగిన చేతులకు 34, 35 ఉంటుంది, వాళ్లకు పెద్ద పట్టీ విడిగా కొనాలి. చిన్న పట్టీ బిగించి చూస్తే లేని బీపీ ఉన్నట్టు కనిపిస్తుంది.

కొలిచే అరగంట ముందు కాఫీ, టీ, బీడీ వద్దు. ఒంటికి వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరకే కూర్చోండి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద. కొలుస్తున్నప్పుడు మాట్లాడొద్దు. నిమిషం ఎడంతో రెండుసార్లు, పొద్దున మందు వేసుకోకముందు, రాత్రి పడుకునే ముందు, ఏడు రోజులు రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో ఆ సగటు 135, 85 దాటితే డాక్టరుకు చూపించాలి. 180, 120 దాటి ఛాతీ నొప్పి, మూతి వంకర, మాట తడబడటం, చెయ్యి కాలు పట్టు తప్పడం లాంటివి ఉంటే 108కి ఫోన్ చెయ్యండి, రెండో రీడింగు కోసం ఆగొద్దు.

ఉప్పు దగ్గరా ఒక ఎంపిక ఉంది. సైంధవ లవణం కూడా ఉప్పే, సోడియం దాదాపు అంతే. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు బీపీకి మేలే, కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా వాడొద్దు. అందరికీ పనికొచ్చేది ఒకటే: రోజు మొత్తానికి ఐదు గ్రాములు, ఒక టీ చెంచా. ఊరగాయ, ఊరమిరపకాయ, అప్పడం కూడా ఆ చెంచాలోనే లెక్క.

ఇన్సులిన్: సీసా, పెన్ను

పొరపాటు జరిగితే ప్రాణం మీదికొచ్చే చోటు ఇది. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో లాగి వేస్తే, 20 గీత దగ్గర 50 యూనిట్లు ఎక్కుతాయి. 100 యూనిట్ల సిరంజికి నారింజ మూత ఉంటుంది. దాంతో 40 సీసా మందు వేస్తే ఉల్టా, సగం డోసు కూడా పడదు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడండి.

సీసా చవక, సర్కారు ఆస్పత్రుల్లో ఎక్కువగా ఇచ్చేదీ అదే. చూపు బాగుండి, చెయ్యి వణకనివాళ్లకు, లేదా రోజూ వేసే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు సీసా చాలు. చూపు మందగించినవాళ్లకు, ఒంటరిగా ఉండేవాళ్లకు, పొలానికో ప్రయాణానికో తీసుకెళ్లేవాళ్లకు పెన్ను మేలు. తిప్పితే టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంది, ఆ చప్పుడుతో లెక్కపెట్టొచ్చు. పెన్నుతో వేసే ముందు ప్రతిసారీ రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క వచ్చిందో లేదో చూడాలి. గుచ్చి నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి సూది తీయాలి, లేదంటే మందు బయటికి కారుతుంది. పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చెయ్యాలి, దబదబా ఊపొద్దు. రోజూ ఒకేచోట గుచ్చితే చర్మం కింద గడ్డ కడుతుంది. అక్కడ నొప్పి తెలీదు కాబట్టి అక్కడే గుచ్చుతుంటారు, మందు సరిగ్గా ఎక్కక షుగరు పైకీ కిందికీ ఊగుతుంది. ప్రతిసారీ వేలెడు దూరం జరపండి.

తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్ మధ్య అరలో ఉండాలి. ఫ్రీజర్‌కు ఆనుకొని పెడితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది, కరిగాక మామూలుగానే కనిపించినా వాడకూడదు. తెరిచినదాన్ని చాలావరకు నాలుగు వారాలు బయట ఉంచొచ్చు, పెట్టె మీద రాసిన వేడి హద్దు దాటకపోతే. కర్నూలు, కడప, అనంతపురంలో మార్చి నుంచి జూన్ దాకా గది వేడి ఆ హద్దు దాటుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో, కరెంటు నిలవని ఊళ్లో కుండ బాగా పనిచేస్తుంది. పూత లేని పెద్ద మట్టి కుండ అడుగున రెండు అంగుళాల ఇసుక పోసి, అందులో చిన్న ముంత పెట్టి, చుట్టూ సందులో ఇసుక నింపి, ఇసుక తడిసేలా నీళ్లు పోయండి. ఇన్సులిన్‌ను మూత బిగుతుగా ఉండే చిన్న డబ్బాలో వేసి ముంతలో ఉంచి, మీద తడి గుడ్డ కప్పండి. నీడగా, గాలి తగిలే చోట ఉండాలి, మూసిన అలమరలో కాదు. పొద్దున, సాయంత్రం ఇసుక తడపాలి. మన ఎండ పొడి ఎండ కాబట్టి నీళ్లు ఆవిరై లోపల బాగా చల్లబడుతుంది. వానలు పడి గాల్లో తేమ పెరిగాక అంత చల్లబడదు. ముంతలో చిన్న థర్మామీటరు వేసి రోజూ మధ్యాహ్నం మూడింటికి చూస్తే అనుమానం ఉండదు. నీళ్లలా తేటగా ఉండాల్సిన ఇన్సులిన్ మసకబారినా, తెల్ల ఇన్సులిన్‌లో ఎంత దొర్లించినా పలుకులు కరగకపోయినా పారేయండి.

నడక, పొలం పని, చెప్పులు

పొలం పని వ్యాయామమే. చిక్కేమిటంటే చెనక్కాయ విత్తినప్పుడు, పీకినప్పుడు ఒళ్లు హూనమయ్యేంత పని, మిగతా నెలలు అరుగు మీద కూర్చోవడం. పని ఉన్న రోజుల్లో మాత్ర వేసుకొని తినకుండా పొలానికి పోతే కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి. జేబులో మూడు చెంచాల చక్కెర పొట్లం గానీ గ్లూకోజ్ పొడి గానీ ఉండాలి. చెనక్కాయ ఉండ పనికిరాదు, అందులోని నూనె వల్ల చక్కెర నిదానంగా ఎక్కుతుంది. చక్కెర నోట్లో వేసుకొని పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ అంతే, ఆ తర్వాత భోజనం. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు. పని లేని నెలల్లో వారానికి ఐదు రోజులు అరగంట చురుకైన నడక. అరగంట కుదరనివాళ్లు ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినా తిన్న తర్వాతి షుగరు తగ్గుతుంది. మోకాళ్లు నొప్పులైతే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదేసిసార్లు మూడు విడతలు.

కాళ్లు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్లకు హవాయి చెప్పులు చాలవు. తుమ్మ ముల్లు అడుగు చీల్చుకొని పైకొచ్చినా తెలీదు. మెత్తటి ఎంసీఆర్ (సన్న గాలిగదులున్న రబ్బరు) అడుగు, కింద గట్టి రబ్బరు, మడమ వెనక పట్టీ ఉన్నవి తీసుకోండి. బొటనవేలి సందులో ఇరికే పట్టీ వద్దు. సాయంత్రం కొనండి, కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి కొలత సరిపోతుంది. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడమాలి. ఎండాకాలం గుడి ప్రాంగణంలో రాతి బండల మీద చెప్పులు విడవాల్సి వస్తే మందపాటి మేజోళ్లు వేసుకోండి, బొబ్బలెక్కినా కాలికి తెలీదు.

మందులు ఎక్కడివి

సర్కారు ఆస్పత్రి మాత్ర, జన్ ఔషధి మాత్ర, కంపెనీ మాత్ర, మూడింట్లో పేరు, మిల్లీగ్రాములు ఒకటైతే మందు ఒకటే. ఎక్కడ ప్రతినెలా తప్పకుండా దొరుకుతుందో అక్కడ తీసుకోండి. ప్రమాదం కలగలపడంలో ఉంది. సర్కారు మాత్ర రంగు, అట్ట మారుతుంటాయి. పాత కంపెనీ మాత్ర ఇంకా మిగిలి ఉంటుంది. రెండూ వేరనుకొని రెండూ వేసుకుంటారు, గ్లిమిపిరైడ్ రెండింతలైపోతుంది. కొన్ని మాత్రల్లో రెండు మందులు కలిసి ఉంటాయి. మెట్‌ఫార్మిన్ పక్కన ఎస్ఆర్ (నిదానంగా కరిగే రకం) అని ఉంటే దాన్ని విరవకూడదు, నమలకూడదు. ఒక కాగితం మీద మందు అసలు పేరు, మిల్లీగ్రాములు, పూట, మూడూ తెలుగులో రాసి మందుల డబ్బా మూత లోపలివైపు అంటించండి. కొత్త అట్ట ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ కాగితంతో పోల్చి చూసి, పాత అట్ట అయిపోయాకే కొత్తది డబ్బాలో పెట్టండి.